ప్రత్తిచేలును సర్కారు చెక్కులును: పాయిన్సెట్ కౌంటీ వృత్తాంతము

ప్రభుత్వము రైతునకు రొక్కముగా సొమ్మిచ్చుట నిన్నమొన్న మనదేశమున పుట్టిన యాచారమని పెక్కుమంది తలచుచున్నారు. 2018 మే 10వ తేదీన తెలంగాణమున రైతుబంధు చెక్కుల పంపకము మొదలైనపుడును, 2019 ఫిబ్రవరి 24వ తేదీన కేంద్రప్రభుత్వము పి.ఎం. కిసాన్ సొమ్మును ఖాతాలలో జమకట్ట నారంభించినపుడును, ఇట్టి వింత లోకమున నెక్కడను జరుగలేదని చెప్పుకొన్నవారు కలరు. అది సరికాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ పద్ధతి 1933లోనే బయలుదేరినది. ఆ సొమ్ము పల్లెలకు ఎట్లు చేరెనో, ఎవరి చేతిలో నిలిచెనో, ఎవరిని గడప దాటించెనో తెలుపు గ్రంథములును నివేదికలును సమృద్ధిగ నున్నవి. వానినిబట్టి ఆర్కన్సా రాష్ట్రమునందలి పాయిన్సెట్ కౌంటీ యను ఒక్క పల్లెప్రాంతపు చరిత్రను ఈ సంచికలో చెప్పదలచితిని.

కులసభ సంచికలో అమెరికా ప్రత్తిచేల ముచ్చట యేల యని కొందరడుగవచ్చును. మన మహాసభకు వచ్చువారిలో వందయెకరముల పట్టాదారులు కలరు; పొలమంతయు కౌలునకిచ్చి పట్టణములలో నున్నవారు కలరు; సెంటు భూమియైన లేక ఏటికేడు కౌలుసేద్యముతో కాలము గడపువారును కలరు. వీరందరు నొకే పందిరిక్రింద, ఒకే పంక్తిని కూర్చుండి భుజింతురు. వియ్యమందుదురు. కాని సర్కారుసొమ్ము వచ్చుదినమున ఈ పంక్తి రెండుగా చీలుచున్నది. పాయిన్సెట్ కౌంటీలో అట్లే చీలినది. కావున ఆ కథ మనకు పరాయిది కాదు.

ఆర్కన్సా రాష్ట్రమునకు తూర్పుభాగమున, మిసిసిపీ మహానదికి పడమట ఈ కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లావంటి పాలనాభాగము. కాని జనసంఖ్యలో మన తాలూకాకును సరిపోలదు. దీనికి ముఖ్యపట్టణము హారిస్‌బర్గు. 1811, 1812 సంవత్సరముల మహాభూకంపములచే ఆ ప్రాంతపు నేల చాలచోట్ల క్రుంగి, నీరు నిలిచి, అడవిగా బలిసినది. ఇరువదవ శతాబ్ది యారంభమున కలప కంపెనీలు ఆ యడవులను కొట్టివేసెను. తరువాత కాలువలు త్రవ్వి నీటిని దింపిరి. అట్లు వెలువడిన నల్లని ఒండ్రునేల ప్రత్తికి కొంగుబంగారమైనది. ఆ నేల చిన్నరైతుల చేతికి రాలేదు. కాలువల పన్నులు కట్టగల కంపెనీలును, బ్యాంకులును, పట్టణములలోని ధనికులును దానిని పెద్ద పెద్ద కమతములుగ సంపాదించిరి.

ఆ కమతములను దున్నినవారు సగపాలు రైతులు. భూస్వామి భూమియు, ఇల్లును, కంచరగాడిదయు, నాగలియు, విత్తనములును ఇచ్చును. రైతు తన భార్యాబిడ్డలతో గూడ రెక్కలకష్ట మిచ్చును. పండిన ప్రత్తిలో సగము భూస్వామిది, సగము రైతుది. వినుటకు న్యాయముగనే యున్నది. కాని మార్చి మొదలు ఆగస్టు వరకు రైతు తినవలసిన పిండియు, పందికొవ్వును, కట్టవలసిన బట్టయు కమతపు అంగడిలోనే అప్పుగ తీసికొనవలెను. పలుచోట్ల ఆ యప్పును సర్కారు నాణెములతోగాక, ఆ యంగడిలోదప్ప చెల్లని బిళ్లలతో నిచ్చుచుండిరి. లెక్కపుస్తకము భూస్వామి చేతిలో నుండును. ఏడాది చివర లెక్కచూచునప్పటికి రైతు సగపాలు అప్పునకును వడ్డికిని సరిపోవును, ఒక్కొక్కప్పుడు చాలదు. కళ్లములోనే పంటయంతయు అప్పులవానికి కొలిచి, ఉత్తచేతులతో ఇల్లు చేరుట యననేమో మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

వీరిలో నల్లవారును కలరు, తెల్లవారును కలరు. దక్షిణరాష్ట్రములన్నిటను 1930వ సంవత్సరపు జనాభాలెక్కలలో సగపాలు రైతులు 7,76,278 మంది. వారిలో సగముమంది తెల్లవారే. దీనిని చదువరులు జ్ఞప్తియందుంచుకొన గోరెదను.

1929లో పౌను ప్రత్తికి సుమారు 17 సెంట్ల ధర పలికెను. (మనకు సెంటు భూమికొలత, వారికది డాలరులో నూరవ పాలు.) మూడేండ్లలో ఆ ధర ఆరేడు సెంట్లకు పడిపోయెను. ఏరుకూలియు రాని ధర యది. కొనువారులేని ప్రత్తి గోదాములలో కొండలై పేరుకొనెను. 1933 మార్చిలో అధ్యక్షపదవికి వచ్చిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును, ఆయన వ్యవసాయమంత్రి హెన్రీ వాలెస్సును దీనికొక మందు కనుగొనిరి. పంట తగ్గిన ధర పెరుగును. పంట తగ్గించుకొనిన రైతునకు ఆ నష్టమును సర్కారు సొమ్ముగా నిచ్చును. ఆ సొమ్మును మిల్లులవారిపై పన్నువేసి రాబట్టుదురు. పౌను ప్రత్తికి మిల్లువాడు 4.2 సెంట్లు పన్ను కట్టవలెను. ఈ వ్యవసాయ సర్దుబాటు చట్టము 1933 మే 12వ తేదీన అమలులోనికి వచ్చినది.

అప్పటికి విత్తుట ముగిసినది. చేలు మోకాలెత్తున నున్నవి. కావున ఆ వేసవిలో, ఎదిగిన పైరును దున్నివేయుడని సర్కారువారే కోరవలసివచ్చెను. ఎకరమునకు దిగుబడినిబట్టి 7 డాలర్లు మొదలు 20 డాలర్లవరకు ఇచ్చెదమనిరి. పదిలక్షలకు పైగ ఒడంబడికలు వ్రాయబడెను. కోటియెకరములకు మించిన ప్రత్తి దున్నివేయబడెను. ఆనాటి వృత్తాంతములలో ఒక సంగతి మాటిమాటికి కనబడును. సాళ్లనడుమ నడుచుటయే తప్ప మొక్కను త్రొక్కరాదని చిన్ననాటినుండి దెబ్బలతో నేర్పబడిన కంచరగాడిదలు, పైరుమీద నడువుమన్న మొరాయించి నిలిచిపోయినవట. మనుష్యుల బుద్ధికంటె వాని బుద్ధియే నిలుకడయైనదని ఆ కాలపు పత్రికలు పరిహసించెను. అయినను మందు కొంత పనిచేసెనని యొప్పుకొనవలెను. 1933లో ధర 10 సెంట్లకు చేరెను. మరుసటియేట 12 సెంట్లు దాటెను. తాకట్టులో మునిగియున్న భూస్వాములు తేరుకొనిరి, బ్యాంకులు తెరిపినబడెను. ఆ సొమ్ము వచ్చియుండనిచో వేలకొలది కమతములు వేలమునకు వచ్చియుండును. ఇదియంతయు మోసమని కొట్టివేయువారితో నేను ఏకీభవింపజాలను.

అయితే పంచిన తీరు వేరు. 1934, 1935 సంవత్సరములకు వ్రాసిన ప్రత్తి ఒడంబడిక యిట్లుండెను. భూస్వామి తన ప్రత్తినేలలో కొంతభాగమును విత్తకుండ సర్కారునకు కౌలునకిచ్చినట్లు వ్రాసియిచ్చును. అందులకు పౌనునకు 3½ సెంట్లు కౌలుసొమ్ము, ఇంకొక సెంటు ధరవ్యత్యాసపు సొమ్ము, వెరసి 4½ సెంట్లు. కౌలుసొమ్మంతయు భూమిగలవానిదే. ధరవ్యత్యాసపు సెంటును మాత్రము సగపాలు రైతుతో చెరిసగము పంచుకొనవలెను. అనగా 4½ సెంట్లలో భూస్వామికి 4 సెంట్లు, చెమటోడ్చినవానికి అరసెంటు. ఆ అరసెంటును పెక్కుచోట్ల భూస్వామి అంగడిబాకీక్రింద జమకట్టుకొనెను. పంటలో సగపాలున్నవానికి, పంట మానినందుకు వచ్చిన సొమ్ములో తొమ్మిదవ పాలు! పంట మానినపుడు భూస్వామికి నేల ఖాళీయైనది. రైతునకు బ్రతుకే ఖాళీయైనది. నష్టపరిహారమను మాట ఎవరి నష్టమును చూచి పుట్టెనో ఇందులకు జవాబు దొరకదు.

ఇట్లు పంచుట యేల యని వాషింగ్టనులో కొందరడిగిరి. ప్రత్తిశాఖ యధికారులు చెప్పిన సమాధానమిది: భూస్వాముల సంతకములు లేనిదే పంట తగ్గదు, వారికి లాభము చూపనిదే సంతకములు రావు. ఇది కార్యదక్షుల మాటయే. కాని కార్యము సులువగుటకు ఎవరి సంతకము చాలునో వారి మేలునే చట్టము చూచెను. ఎవరి సంతకము అక్కరలేదో వారిని మరచెను.

పూర్తిగ మరచెననుటయు న్యాయముగాదు. ఒడంబడికలో ఏడవ ప్రకరణమని యొకటి గలదు. పంట తగ్గించు భూస్వామి తన కమతమునందలి రైతుల సంఖ్యను సాధ్యమైనంతవరకు తగ్గింపకుండవలెననియు, వారిని ఇండ్లలో కాపురముండనీయవలెననియు అందు వ్రాసియున్నది. ఈ ‘సాధ్యమైనంతవరకు’ అను మాటలోనుండి ఎన్ని కుటుంబములు బండికట్టుకొని వెడలిపోయెనో లెక్కకు రాదు. ఫిర్యాదు చేయవలెనన్న కౌంటీ కమిటీకి చేయవలెను. చేలు కొలుచుట, దిగుబడి నిర్ణయించుట, ఒడంబడికలను పరిశీలించుట, తగవులు తీర్చుట ఆ కమిటీ పని. స్థానికులే తమ వ్యవహారములను నడపుకొనవలెనను ఉత్తమాశయముతో నేర్పరచినదది. దక్షిణదేశమున స్థానికులనగా పలుకుబడిగల తెల్ల భూస్వాములు. ముద్దాయియే న్యాయపీఠమున గూర్చుండెను.

ఇక టైరోంజా గ్రామమునకు వత్తము. మెంఫిస్ నగరమునకు సమీపమున, పాయిన్సెట్ కౌంటీలోనున్న చిన్నయూరు. అక్కడ హెచ్.ఎల్. మిచ్చెల్ అనునతడు బట్టలుతుకు దుకాణమును, క్లే ఈస్టు అనునతడు ప్రక్కనే పెట్రోలు దుకాణమును పెట్టుకొనియుండిరి. ఇద్దరును తెల్లవారు, సోషలిస్టులు. తమ దుకాణములకు వచ్చిపోవు రైతుల గోడు వినివిని వారు ఊరకుండలేకపోయిరి. 1934 ఆదిలో సోషలిస్టునాయకుడు నార్మన్ తామస్ అక్కడికి వచ్చి గుడిసెలను కన్నులార చూచెను. రైతులు సంఘముగ నేర్పడవలెనని చెప్పిపోయెను. మెంఫిసులోని వైద్యకళాశాలాధ్యాపకుడు విలియం ఆంబర్‌సన్ చేసిన విచారణను కలుపుకొని ఆ యేటనే ఒక చిన్నపుస్తకమును ప్రకటించెను.

టైరోంజా సమీపమున హైరమ్ నార్‌క్రాస్ అను భూస్వామికి వేలయెకరముల కమతముండెను. ఆయన వృత్తిచే న్యాయవాది. పాతకాలపు దొరలవలె గాక లెక్క ప్రకారము సేద్యము నడపదలచినవాడు. విత్తుట తగ్గినపుడు అన్ని కుటుంబములను పోషించుట ఆయన లెక్కకు గిట్టలేదు. కొన్ని కుటుంబములను లేచిపొమ్మనెను. దుష్టుడని ఆయన నొక్కని తిట్టుటలో అర్థములేదు. ఆ సొమ్ముపంపకమే అట్లు చేయుమని ప్రతి భూస్వామికిని చెవిలో చెప్పుచున్నది.

1934 జూలైలో ఒక రాత్రి ఆ ప్రాంతపు చిన్న పాఠశాలలో 11 మంది తెల్లవారును 7గురు నల్లవారును సమావేశమైరి. సంఘము పెట్టవలెననుటలో భేదము లేదు. నల్లవారికొకటి, తెల్లవారికొకటి రెండు సంఘములా, లేక అందరికి నొకటియా అను ప్రశ్న వచ్చెను. ఆ రాష్ట్రమున ఆనాడది చిన్నప్రశ్న కాదు. వచ్చినవారిలో ఐజాక్ షా అను వృద్ధుడగు నల్లవాడొకడు. 1919లో అదే రాష్ట్రమున ఎలైన్ గ్రామప్రాంతమున నల్లరైతులు సంఘము పెట్టుకొనగా వారిపై జరిగిన మారణకాండనుండి బయటపడినవాడు. విడివిడిగ నున్న రెండింటిని భూస్వాములు సులువుగ విరిచివేయుదురనియు, ఒక్కటిగనే నుండవలెననియు అతడు చెప్పెను. అట్లే దక్షిణ కౌలురైతుల సంఘము ఒక్కటిగ పుట్టెను. దాని ఉపాధ్యక్షుడు మెకిన్నీ యను నల్ల మతబోధకుడు. రెండుమూడేండ్లలో సభ్యులు ఇరువదియైదువేలకు మించిరని సంఘము చెప్పుకొనెను.

ఇచట నేనొక్కక్షణ మాగవలసియున్నది. మనది కులసంఘము. ఒక కులమువా రందరును ఒక్కటియే యను నమ్మికపై ఇది నిలిచియున్నది. ఆ నమ్మికలో నిజమున్నది. మన వసతిగృహములును, విద్యార్థివేతనములును దానివలననే వచ్చినవి. కాని పాయిన్సెట్ కౌంటీలో తెల్ల సగపాలు రైతును వెడలగొట్టినవాడు తెల్ల భూస్వామియే. రంగు ఒక్కటియగుట చెక్కు పంచుకొనుటకు పనికిరాలేదు. గుడిసె కోల్పోయిన తెల్లవాడు, తన తాతముత్తాతలు ముట్టుకొనుటకు వెరచిన నల్లవాని ప్రక్కన బల్లపై కూర్చుండెను. అతనిని అక్కడ కూర్చుండజేసినది సిద్ధాంతము కాదు, నాలుగుసెంట్ల లెక్క.

సంఘమువారు నార్‌క్రాసుపై న్యాయస్థానమున వ్యాజ్యము తెచ్చిరి. ఏడవ ప్రకరణమును నిలుపుడని కోరిరి. మార్క్డ్ ట్రీ పట్టణపు న్యాయవాది కార్పెంటరు వారిపక్షమున వాదించెను. ఒడంబడిక భూస్వామికిని సర్కారునకును జరిగినది, నడుమ మీరెవరని న్యాయస్థానము వారి నడిగినట్లాయెను, వ్యాజ్యము నిలువలేదు. 1935 జనవరిలో వార్డ్ రాజర్స్ అను యువక మతబోధకుడు మార్క్డ్ ట్రీలో ప్రసంగించినందుకు అరాచకమను నేరముక్రింద పట్టుబడెను. ఆ వసంతకాలమున సభలు చెదరగొట్టిరి. మెకిన్నీ యింటిమీదను, కార్పెంటరు ఇంటిమీదను తుపాకులు పేల్చిరి. నార్మన్ తామస్ తిరిగి వచ్చి ప్రక్కకౌంటీలోని బర్డ్‌సాంగ్ గ్రామమున మాటలాడబోగా, ఆయుధపాణులైనవారు ఆయనను వేదికపైనుండి త్రోసి, కారెక్కించి పంపిరి. సంఘమువారు దెబ్బతినియు నిలిచిరి. 1935 శరత్కాలమున ప్రత్తియేరు కూలికై సమ్మెచేసి నూరుపౌనులకు డాలరు కోరిరి. పెక్కుచోట్ల 75 సెంట్లు సాధించిరి.

వాషింగ్టనులోను ఒక యుద్ధము జరిగినది. వ్యవసాయ సర్దుబాటు సంస్థలో జెరోమ్ ఫ్రాంక్ అను న్యాయాధికారియు ఆయన తోటివారును పేదరైతుల పక్షము వహించిరి. మేరీ కానర్ మైయర్స్ అను న్యాయవాదినిని 1935 జనవరిలో ఆర్కన్సాకు పంపి విచారణ చేయించిరి. ఆమె నివేదిక నేటివరకును వెలికి రాలేదు. ఏడవ ప్రకరణమునకు, భూస్వామి తన రైతులనే, ఆ మనుష్యులనే ఉంచుకొనవలెను, వేరువారిని తెచ్చి సంఖ్య సరిపెట్టరాదు అని ఫ్రాంక్ శాఖవారు అర్థము చెప్పిరి. సంస్థాధిపతి చెస్టర్ డేవిస్ అప్పుడు ఊరిలోలేడు. తిరిగివచ్చి, 1935 ఫిబ్రవరి 5వ తేదీన ఫ్రాంకును ఆయన అనుచరులను ఉద్యోగములనుండి తొలగించెను. మంత్రి వాలెస్ అడ్డుపడలేదు. రూజ్వెల్టునకు తన చట్టములు సెనేటులో నెగ్గవలెనన్న దక్షిణదేశపు సెనేటరులు కావలెను. సెనేటులో ఆయన పక్షపు నాయకుడు జోసెఫ్ రాబిన్సన్ ఆర్కన్సావాడే. రాబిన్సనునకు ఓట్లు వేయించువారు భూస్వాములు. సగపాలు రైతులలో ఓటుపన్ను కట్టగలవారే తక్కువ.

1936 జనవరి 6వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము మిల్లులపన్ను చెల్లదని తీర్పు చెప్పెను. నెలలు తిరుగకమునుపే భూసారరక్షణమను పేరిట క్రొత్తచట్టము వచ్చెను. సొమ్ము సాధారణ ఖజానానుండి వచ్చుట మొదలైనది. 1938 చట్టముతో పంపకమును కొంత చక్కబెట్టిరి. పంటలో ఎవరి పాలు ఎంతయో సొమ్ములోను అంతయే యనిరి. రైతునకు వేరుగ చెక్కు వ్రాయుటయు వచ్చెను. సంఘము పడిన పాట్లకు ఇదియే ఫలమని సంతోషింపవచ్చును. కాని చూడుడు: పాలున్నవానికే సొమ్ములో పాలు. పాలులేని దినకూలికి ఏమియు లేదు. భూస్వాములు దీనిని వెంటనే గ్రహించిరి. సగపాలు రైతును తీసివేసి కూలివానిని పెట్టుకొనినచో చెక్కు మొత్తము తమదే. 1939 జనవరిలో ఆర్కన్సాకు ఎగువనున్న మిస్సౌరీ ఆగ్నేయభాగమున, ఇట్లు వెడలగొట్టబడిన వేయికి మించిన జనము మంచుకురియు రాజమార్గముల ప్రక్కన సామానులతో బసచేసి లోకమునకు తమ స్థితి చూపిరి. 1940 జనాభాలెక్కలలో దక్షిణదేశపు సగపాలు రైతులు 5,41,291 మందికి తగ్గిరి. చెక్కుసొమ్ముతో ట్రాక్టర్లు వచ్చినవి. యుద్ధముతరువాత ప్రత్తియేరు యంత్రములును వచ్చినవి. యంత్రము వచ్చుటవలన మనుష్యులు పోయిరని సామాన్యముగ చెప్పుదురు. ప్రత్తి యంత్రముతో ఏరబడుటకు పదియేండ్లముందే గుడిసెలు ఖాళీయగుట మొదలైనదని ఈ లెక్కలు చెప్పుచున్నవి.

కౌంటీ కమిటీలమాట ఇంకొంత చెప్పవలెను. అవి పోలేదు. పేర్లుమారి నేటికిని కలవు. దక్షిణరాష్ట్రములలో ఆ కమిటీలందు నల్లవారికి చోటులేదని 1965లో పౌరహక్కుల కమిషను నివేదిక ఎత్తిచూపెను. ఋణములలోను, సాయములోను తమకు పక్షపాతము జరిగినదని నల్లరైతులు 1997లో వ్యవసాయశాఖపై వ్యాజ్యము వేసిరి. పిగ్‌ఫర్డు వ్యాజ్యమని దానికి పేరు. 1999 ఏప్రిల్ 14వ తేదీన న్యాయస్థానము రాజీని ఆమోదించెను. సుమారు నూరుకోట్ల డాలర్లు చెల్లింపబడెను. 2010లో మిగిలినవారికై మరి 125 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. 1920లో 9 లక్షల 25 వేలకు మించియున్న నల్లరైతులు అప్పటికి మిక్కిలి కొద్దిమందిగ మిగిలిరి. చెల్లింపు వచ్చునప్పటికి చెల్లించుకొనువాడు లేకపోవుట యనగా నిదియే.

భూమిని చూచి సొమ్మిచ్చు పద్ధతియు పోలేదు. 1996 చట్టము తరువాత కొంతకాలము, ఏ పంట వేసినను, వేయకున్నను, పూర్వపు విస్తీర్ణమునుబట్టియే సొమ్మిచ్చిరి. ఏమాత్రము సేద్యము చేయనివారికి 2000 మొదలు 130 కోట్ల డాలర్లు ముట్టెనని 2006లో వాషింగ్టన్ పోస్టు పత్రిక లెక్కతేల్చెను. వరిపొలములకు సొంతదారులైన పట్టణవాసులు కౌలుదారులను తొలగించి సొమ్ము తామే తీసికొన్న ఉదంతములును అప్పుడు బయటపడెను. ఆ నేరుచెల్లింపులను 2014 చట్టము రద్దుచేసినది. పాయిన్సెట్ కౌంటీలో నేడు వరియు, సోయాచిక్కుడును విరివిగ పండుచున్నవి. మిచ్చెలు బట్టలుతికిన దుకాణమును, ఈస్టు పెట్రోలు దుకాణమును కలిపి 2006లో కౌలురైతుల ప్రదర్శనశాలగ మార్చిరి. అమెరికాలోనున్న మన యువకులు మెంఫిసువైపు పోయినపుడు అరగంటదూరము ప్రయాణించి దానిని చూచి రావచ్చును.

ఇప్పుడు మనయూరు చూతము. రైతుబంధు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలతో మొదలై, 2019లో 5,000 రూపాయలైనది. పట్టాదారు పాసుపుస్తకమే దానికి ఆధారముగ నుండెను. కౌలుదారునకందు చోటులేకుండెను. పి.ఎం. కిసానులోను భూమి పేరనున్న కుటుంబమునకే సొమ్ము. పూర్వము పహాణీలో పట్టాదారు కాలమునకు ప్రక్కనే అనుభవదారు కాలమని యొకటి యుండెడిది. దున్నువాని పేరు సర్కారు కాగితముపై కనబడుచోటు అదియొక్కటే. భూరికార్డుల ప్రక్షాళన జరిగి 2020లో ధరణి వచ్చునప్పటికి ఆ కాలము కనబడలేదు. ఆ పేరు తుడిచినందున పట్టాదారునకు భయము పోయినదనుట నిజము. కౌలుదారునకు పేరే పోయినది. చెక్కు వచ్చినదని కౌలు తగ్గించిన పట్టాదారులు నాకు తెలిసినంతలో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. సొమ్ము వచ్చుచున్నది గదా యని అమ్మదలచిన పొలమును ఉంచుకొని, కౌలు పెంచినవారిని మాత్రము ఎరుగుదును.

ఆంధ్రప్రదేశమున కొంత వేరుగ జరిగినది. 2011లోనే కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చు చట్టము చేసిరి. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మొదలైన రైతుభరోసాలో భూమిలేని కౌలుదారులకును సొమ్మిచ్చిరి. కాని షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు అను వర్గముల కౌలుదారులకు మాత్రమే. మన కులపు కౌలుదారులు ఆ వర్గములలో చేరనందున వారికి రాలేదు. ఒక గట్టునకు ఇరువైపుల కౌలుచేయు ఇద్దరిలో ఒకనికి వచ్చెను, ఒకనికి రాలేదు. దీనినిగూర్చి మన జిల్లాసభలలో ఎంత యావేశముతో మాటలాడిరో విన్నవారము. తీర్మానములును చేసితిమి. ఆ ఆవేదన నిజమైనదే. అయితే ఆ తీర్మానమును ప్రతిపాదించినవారు, బలపరచినవారు ఎక్కువమంది పట్టాదారులు.

ఏలయనగా 2019 చట్టము క్రింద కౌలుదారునకు సాగుహక్కుపత్రము రావలెనన్న భూమి యజమాని ఒప్పుకొని సంతకము చేయవలెను. ఆ పత్రము చెల్లుబాటు పదునొకండు నెలలే. భూమిపై ఏ హక్కును దానివలన రాదని చట్టమునందే స్పష్టముగ నున్నది. అయినను సంతకము చేయుటకు యజమానులు వెనుదీయుచున్నారు. బ్యాంకులో తమ పేరనున్న పంటఋణము పోవునని కొందరు, ఎన్నటికైన పొలము పోవునని కొందరు. పత్రము లేనివానికి పంటఋణము లేదు, నష్టపరిహారము లేదు; ధాన్యము అమ్ముకొనుటకును పరుల పేరు అరువు తెచ్చుకొనవలెను. ఇందులో సర్కారును అనవలసినది కొంత. కులమును అడ్డముపెట్టిన నిబంధనను అనవలసినది కొంత. ఆ సంతకమునకు మాత్రము సర్కారు చేయి పట్టుకొన్నది లేదు. ఈసారి మహాసభ పందిట భోజనములకు కూర్చుండువారిలో దానిని చేయవలసినవారు కలరు, దానికై రెండేండ్లుగ వారి యింటిచుట్టు తిరుగువారును కలరు. పాసుపుస్తకముల నకళ్లను తెచ్చుకొనినయెడల పత్రపు నమూనాలు సభాప్రాంగణమునందే నింపవచ్చును.